నర్సుల నిరంతర విద్యలో సిమ్యులేషన్ శిక్షణ

సిమ్యులేషన్ శిక్షణ అంటే వార్డు పరిస్థితులను కల్పించి, బొమ్మ రోగుల మీద నర్సులకు సాధన చేయించే పద్ధతి. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ శిక్షణకు తెచ్చిన ‘మిసెస్ చేజ్’ బొమ్మ దీనికి తొలి మెట్లలో ఒకటి. 1960లో నార్వేవాసి ఆస్మండ్ లేర్డాల్ రూపొందించిన ‘రెససీ ఆన్’ బొమ్మ సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, శ్వాస అందించే ప్రక్రియ) సాధనకు దారి తీసింది.

ఉద్యోగంలో ఉన్న నర్సులకు ఈ పద్ధతి మరీ అవసరం. గుండె ఆగిన రోగి రోజూ ఎదురుపడడు; వాడని నైపుణ్యం కొద్ది నెలల్లోనే సడలిపోతుంది. పెద్దవారికి ఛాతీని నిమిషానికి 100-120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కడం ఉపన్యాసం వింటే చేతికి రాదు. రెండేళ్లకోసారి పెట్టే తరగతి కన్నా వార్డులోనే తరచూ చేయించే చిన్న సాధనలు మేలు.

అసలు చదువు మాత్రం సాధన తర్వాత జరిపే సమీక్షలో ఉంది. డాక్టరు నోటితో చెప్పిన మందు మోతాదును నర్సు తిరిగి పలికి ఖాయం చేసుకున్నారా, ఎవరి మాట ఎవరికి వినపడలేదు అన్నవి అక్కడే తేలతాయి. తప్పు చేసినవారిని నిందించే చోట ఎంత ఖరీదైన బొమ్మ ఉన్నా ఈ సమీక్ష సాగదు.