ఓరుగల్లులో నవల చేతులు మారిన తీరు

తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్ర రాసినవారు స్థాపన తేదీలను, స్థాపకుల పేర్లను, సభల తీర్మానాలను, నిజాం ప్రభుత్వపు ఆంక్షలను ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు గాని, గ్రంథాలయం గడప తొక్కిన పాఠకుడు ఏ పుస్తకం అడిగాడు, దాని సంగతి అతనికి ఎవరు చెప్పారు అన్న ప్రశ్న జోలికి దాదాపుగా పోలేదు. పాఠకుడి అభిరుచిని కనిపెట్టి, అతను ఆ తరువాత చదవదగిన పుస్తకాన్ని సూచించే పనిని గ్రంథాలయ శాస్త్రంలో పాఠక మార్గదర్శనం అంటారు. వరంగల్, హనుమకొండ, కాజీపేటలు కలిసిన ఓరుగల్లులో ఈ పనిని జీతం తీసుకునే ఉద్యోగుల కన్నా పాఠకులే ఒకరికొకరు ఎక్కువగా చేసుకున్నారు. ప్రేమ నవల, అపరాధ పరిశోధక నవల, చదువుకునే వయసు పిల్లలు ఎగబడి చదివిన సాహస నవల అయితే పూర్తిగా నోటిమాట మీదనే బతికాయి. అందువల్ల ఈ మూడు రకాల నవలలను పక్కనపెట్టి ఓరుగల్లు పఠన చరిత్ర చెప్పబోతే, చెప్పవలసినదానిలో సగం మిగిలిపోతుంది.

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసిన మూడేళ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, బయట మాట్లాడుకోవడానికి మాత్రమే తెలుగు అన్న స్థితిలో తెలుగు అక్షరం కంటికి కనబడే చోటు ఒకటి ఉండాలన్నది ఆ స్థాపన వెనుక ఉన్న పట్టుదల. ముందస్తు అనుమతి లేకుండా బహిరంగ సభ జరపరాదని శాసించిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలంలో, నలుగురు చేరి పత్రిక చదువుకొనే గది కూడా అధికారుల అనుమానానికి లోనయ్యేది. ఇటువంటి వాతావరణంలో భాషా నిలయాల నిర్వాహకులు గ్రంథాలయాన్ని విజ్ఞాన సాధనంగానే చూశారనడంలో, వినోదం కోసం చదివే నవలకు రెండవ పీట వేశారనడంలో ఆశ్చర్యం లేదు. 1906లో హైదరాబాదులో పుట్టి తరువాత మద్రాసుకు తరలిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి జీవిత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, దేశ చరిత్రలు ప్రచురించడమే ప్రధాన లక్ష్యంగా పెట్టుకొని కూడా చారిత్రక నవలల పోటీలు నిర్వహించిందంటే, పాఠకుణ్ణి రప్పించేది కథేనన్న గ్రహింపు ఆ పెద్దలకు లేకపోలేదని స్పష్టమవుతుంది. నవలకు చరిత్ర అనే పెద్దరికం తోడైతే దాన్ని పదిమంది ముందు నిస్సంకోచంగా సిఫారసు చేయవచ్చు. చరిత్ర ఊసు లేని ఉత్త ప్రేమకథకు అంతటి గౌరవం దక్కడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఈ దశలో వరంగల్ ప్రాంతం నవలను చదవడంతో సరిపెట్టుకోక రాసి, అచ్చువేసి, పంచింది కూడా. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922 ఆగస్టు 27న ‘తెనుగు’ పత్రికను ప్రారంభించడం తెలంగాణ పత్రికారంగ చరిత్రలో అందరూ చెప్పుకొనే ఘట్టమే. ఆ సోదరులు ‘రుద్రమదేవి’ వంటి చారిత్రక నవలలు రాశారనీ, రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీ నవల ‘నౌకాడూబి’ని తెలుగులోకి తెచ్చారనీ అంతగా చెప్పుకోరు. మారుమూల పల్లెలో కూర్చొని పరభాషా నవలను అనువదించడమంటే, తాము చదివి మెచ్చినదాన్ని ఆ భాష రాని తోటి పాఠకుడి చేతిలో పెట్టడమే. సిఫారసులో అంతకన్నా శ్రమతో కూడినది వేరే ఉండదు. హనుమకొండలో చదువుకొని, పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి ‘కాకతీయ’ పత్రిక నడిపిన పి.వి. నరసింహారావు కూడా ఈ కోవకు చెందినవారే. ఆయన హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగు పాఠకులకు అందించారు, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీ పాఠకులకు అందించారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొంటూ ఊరూరా తిరిగి అమ్మారు, చదవడం రానివారికి చదివి వినిపించేలా అక్షరం వచ్చినవారిని పురికొల్పారు. ఆయన స్వయంగా నవలాకారుడు కూడా అయినందున, ఏ కథ ఎవరిని కదిలిస్తుందో ఆయనకు తెలుసు.

ఉర్దూ చదువు చదివిన తరం సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెలుగులో అపరాధ పరిశోధక నవల, అంటే నేరం జరిగిన తరువాత ఆనవాళ్లను ఒక్కొక్కటిగా జోడించి నేరస్థుణ్ణి కనిపెట్టే కథ, మొదట్లో బెంగాలీ, ఇంగ్లీషు రచనల అనువాదాలుగా, అనుసరణలుగా వచ్చింది. ఓరుగల్లు పాఠకుడికి ఉర్దూ కూడా వచ్చు గనుక, 1952 నుంచి అలహాబాదులో వెలువడిన ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ వంటి నవలామాలికలు చదువుకొనే అదనపు సౌలభ్యం అతనికి ఉండింది. రెండు లిపులు చదవగలిగిన ఇటువంటి పాఠకవర్గం కోస్తా పట్టణాల్లో అరుదు.

స్వాతంత్ర్యానంతరం, హైదరాబాదు రాష్ట్రపు 1955 చట్టం, ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో పౌర గ్రంథాలయాలను నిలబెట్టాయి. ఆ కాలంలోనే, ప్రభుత్వ ప్రమేయం ఏమాత్రం లేకుండా, మరొక వ్యవస్థ వాడవాడలా పుట్టుకొచ్చింది. అదే అద్దె పుస్తకాల షాపు. కొంత అడ్వాన్సు కట్టించుకొని, రోజుకు ఇన్ని పైసలని అద్దె లెక్కగట్టి నవలలను, వారపత్రికలను, మాసపత్రికలను ఇళ్లకు ఇచ్చే చిన్న దుకాణం ఇది. ఒక్కోచోట పాన్‌డబ్బా కన్నా కాస్త పెద్దదిగా, ఒక్కోచోట ఇంటి ముందుగదిలోనే ఉండేది. కాలేజీలు, హాస్టళ్లు, రైల్వే కుటుంబాలు, అజంజాహీ మిల్లు, ప్రభుత్వ కార్యాలయాలు ఉన్న ఈ మూడు పట్టణాల ఓరుగల్లులో అటువంటి దుకాణానికి కావలసిన గిరాకీకి కొదవ లేదు.

ఆ దుకాణంలో దొరికే వస్తువుల్లో అన్నిటికన్నా విలువైనది బైండు చేసిన సీరియల్. వారపత్రికలో సీరియల్, అంటే వారం వారం కొన్ని పుటల చొప్పున వెలువడే ధారావాహిక నవల, పూర్తయ్యేదాకా ఆ పుటలను విప్పి దాచి, వరుసగా పేర్చి, సూదీ దారంతో కుట్టించి, అట్టవేసి, వీపు మీద చేతిరాతతో పేరు రాసేవారు. పుటల వెనుక సగం వంట శీర్షిక, సగం తలనొప్పి మాత్రల ప్రకటన, ప్రతి భాగం చివర ‘సశేషం’, మధ్యలో ఏదో ఒక వారం సంచిక దొరకక పోయిన నాలుగు పుటలు. ఆ పోయిన భాగంలో ఏం జరిగిందో ముందు చదివినవారు చెబితేనే కథ అతుకుతుంది గనుక, పుస్తకంతో పాటు మాటా చేతులు మారేది. అంచుల్లో పెన్సిలుతో ‘చాలా బాగుంది’, ‘ఏడిపించింది’, ‘చివర చదవకండి’ అని రాసిన రాతలు ఆ తరువాతి పాఠకుడికి సమీక్షలు. పుస్తకం పాడుచేస్తున్నారని షాపువాళ్లు కోప్పడినా ఆ రాతలు ఆగలేదు. వాటిని చెడ్డ అలవాటుగా కాక, ముక్కూ మొహం తెలియని పాఠకుల మధ్య సాగిన సంభాషణగా చూడడమే న్యాయం.

1960ల నుంచి ఈ షాపులను నిలబెట్టింది స్త్రీలు రాసిన నవలలు, వాటిని చదివిన స్త్రీలు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాకు, ‘ప్రేమనగర్’ 1971లో అదే పేరుగల సినిమాకు ఆధారమయ్యాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో ధారావాహికంగా వచ్చి, ఆపైన పుస్తకంగా పదే పదే అచ్చయింది. ముప్పాళ్ల రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, ఇంకా ఎందరో ఆ వరుసలో ఉన్నారు. గడప దాటి బయటికి వచ్చి పుస్తకం ఎంచుకొనే వీలు అంతగా లేని గృహిణి, చీటీ మీద రెండు మూడు పేర్లు రాసి పిల్లల చేతికిచ్చి షాపుకు పంపేది. పేరు గుర్తులేనప్పుడు ‘మొన్న ఇచ్చినటువంటిదే ఇంకోటి’ అన్న కబురు చాలు. ఆ ఒక్క వాక్యానికి సమాధానం చెప్పాలంటే షాపతనికి ఆ ఇల్లాలు మొన్న ఏమి చదివిందో, అంతకుముందు ఏది సగంలో తిప్పి పంపిందో, విషాదాంతం ఇష్టమో కాదో, కథానాయకుడు ధనవంతుడైతేనే మెచ్చుతుందో, అత్తగారి ఆరళ్లున్న కథ అంటే విసుగో తెలిసి ఉండాలి. ఏ విశ్వవిద్యాలయమూ అతనికి ఆ విద్య నేర్పలేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం ఉంటుందని, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉంటాడని చెప్పిన రెండు సూత్రాలు ఈ చీటీల రాకపోకల్లో ఆచరణలోకి వచ్చాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

అపరాధ పరిశోధక నవలకు ఉన్న పాఠకబృందం వేరు, దాని సిఫారసు మర్యాదలూ వేరు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు చవక నవలలు రైలు ప్రయాణికుల చేతుల్లో కనిపించిన కాలం నుంచి, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఇంటింటి పేర్లయిన కాలం దాకా, ఆ పైన మధుబాబు ‘షాడో’ కుర్రకారును ఊపేసిన కాలం దాకా ఈ వరుస తెగలేదు. ప్రేమ నవలను మెచ్చుకొనేటప్పుడు కథంతా పూసగుచ్చినట్టు చెప్పవచ్చు. డిటెక్టివ్ నవలను మెచ్చుకొనేవారు హంతకుడి పేరు మాత్రం దాచి, మిగతాదంతా ఊరించేటట్టు చెప్పగలగాలి. ‘చందమామ’ ధారావాహికల నుంచి యుగంధర్ మీదికి, అక్కడి నుంచి షాడో మీదికి, ఆపై మల్లాది వెంకటకృష్ణమూర్తి, యండమూరి వీరేంద్రనాథ్‌ల మీదికి ఎక్కే ఒక మెట్ల వరుసను హైస్కూలు, ఇంటర్మీడియట్ పిల్లలు తమకు తామే ఏర్పాటు చేసుకున్నారు. కౌమార వయస్కుల కోసమని ప్రత్యేకంగా రాసి, ఆ పేరుతో ప్రచురించిన నవలలు అప్పటికి తెలుగులో స్థిరపడలేదు. పెద్దల కోసం రాసినవాటిలో నుంచి తమకు పనికొచ్చేదాన్ని పిల్లలే ఏరుకొని, క్లాసులో పక్కవాడికి, హాస్టల్లో పక్క మంచంవాడికి అందించి, తమ సాహిత్య విభాగాన్ని తామే నిర్మించుకున్నారు.

ఈ ఊరికే చెందిన మరొక ధార ఈ పఠనాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. కాళోజీ నారాయణరావు పెద్దరికంలో నడిచిన మిత్రమండలి సమావేశాల్లో రచనలు చదివి నిర్మొహమాటంగా చర్చించే సంప్రదాయం ఉండేది. 1966 నవంబరులో వరవరరావు సంపాదకత్వంలో హనుమకొండ నుంచి మొదలైన ‘సృజన’ ఆధునిక సాహిత్య వేదికగా పాతికేళ్లకు పైగా సాగింది. యండమూరి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో పాఠకులను ఉర్రూతలూగించిన 1980ల తొలినాళ్లలో చేతబడి కథలపై రేగిన ‘క్షుద్ర సాహిత్యం’ వివాదంలో అభ్యుదయ, విప్లవ విమర్శకులు లేవనెత్తిన అభ్యంతరాలు కొట్టిపారేయదగినవి కావు: మూఢనమ్మకాన్ని అమ్మకపు సరుకుగా మార్చడంలో ప్రమాదం ఉంది, కారులో వచ్చే ఆరడుగుల అందగాడి కోసం ఎదురుచూడడం నేర్పే కథల్లోనూ ఉంది. అయితే ఆ విమర్శ నవలను తూచినంత శ్రద్ధగా పాఠకురాలిని గమనించలేదు. పది ప్రేమ నవలలు చదివిన స్త్రీ పదకొండవదానికి రంగనాయకమ్మ నవల పట్టుకొని, వివాహ వ్యవస్థ మీద మునుపెన్నడూ వేసుకోని ప్రశ్నలు వేసుకొనే అవకాశం ఉన్నది అదే అద్దె షాపులో, అదే అరలో.

ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాలలో పుట్టి ఈ ఊరినే నివాసం చేసుకున్న నవీన్ రచన ‘అంపశయ్య’ (1969) ఈ రెండు ధారల నడుమ నిలుస్తుంది. మనసులో మెదిలే ఆలోచనలను అవి వచ్చిన క్రమంలోనే రాసుకుపోయే చైతన్య స్రవంతి పద్ధతిలో, ఉస్మానియా హాస్టల్ విద్యార్థి రవి ఒక్క రోజు జీవితాన్ని చిత్రించిన ఈ నవల పండితుల కన్నా ముందు విద్యార్థులకు సొంతమైంది. పేదరికం, పరీక్షలు, ఆడపిల్లల తలపులు, ఆత్మన్యూనత తమవేనని గుర్తుపట్టినవారు దాన్ని తోటివారికి చెప్పుకున్నారు. యౌవనారంభపు కల్లోలాన్ని ఆ వయసు పాఠకుడే గుర్తించి పంచుకొన్న తెలుగు నవలగా దాని స్థానం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పాఠకులు నవల పేరునే రచయిత ఇంటిపేరుగా చేసి ‘అంపశయ్య నవీన్’ అన్నారు. ఆయన ‘కాలరేఖలు’ నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

పౌర గ్రంథాలయం ఈ నోటిమాట స్థానాన్ని ఎందుకు భర్తీ చేయలేకపోయిందో తెలియాలంటే దాని అరను చూడాలి. విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె వేసే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు నవలలన్నీ 894.8273 కిందికే వస్తాయి. ‘సెక్రటరీ’కీ అదే అంకె, యుగంధర్ పరిశోధనకూ అదే అంకె, ‘అంపశయ్య’కూ అదే అంకె, తేడా రచయిత పేరులోని అక్షరాలదే. కన్నీరు తెప్పించే కథ కావాలన్నవారికి గాని, హంతకుడు చివరిదాకా దొరకని కథ కావాలన్నవారికి గాని కేటలాగు ఏమీ చెప్పదు. ఆ లోటు పూడ్చగలిగినది అదే బల్ల దగ్గర కూర్చున్న మరో పాఠకుడు మాత్రమే.

టెలివిజన్ సీరియళ్లు సాయంత్రాలను ఆక్రమించి, వారపత్రికలు ఒకదాని తరువాత ఒకటి సన్నగిల్లిన 1990ల నుంచి అద్దె షాపులు క్రమంగా మూతపడ్డాయి. పుస్తకంగా అచ్చయిన నవలలు పౌర గ్రంథాలయాల్లోకి, పునర్ముద్రణల్లోకి వచ్చి నిలిచాయి గాని, షాపులవాళ్లు కుట్టించిన సీరియల్ బైండ్లు ఏ గ్రంథాలయ పట్టికకూ ఎక్కలేదు. ధారావాహిక పాఠానికీ పుస్తక పాఠానికీ నడుమ రచయితలు చేసిన మార్పులను పోల్చిచూడాలన్నా, అంచుల్లోని పెన్సిలు రాతల ద్వారా 1970ల పాఠకురాలు నవలను ఎలా తీసుకున్నదో తెలుసుకోవాలన్నా ఆ బైండ్లే ఆధారం. ఓరుగల్లు ఇళ్ల అటకల మీద ఇంకా మిగిలి ఉన్నవాటిని భాషా నిలయాలు, కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ సేకరించడం మొదలుపెడితే, వాటిని చదివి చేతులు మార్చిన తరం ఏ బైండు ఏ వాడలో తిరిగిందో, ఎవరు ఎవరికి చెప్పారో ఇంకా చెప్పగలదు.