ఒక టన్ను యంత్రం, ఒక్క పాట

హార్డ్ డిస్కుల చరిత్ర 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన ర్యామాక్ యంత్రంతో మొదలవుతుంది. రెండడుగుల వ్యాసం గల 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద తిరుగుతుండేవి. యంత్రం బరువు టన్నుకు పైమాటే. అందులో ఇమిడినవి 50 లక్షల అక్షరాలు. నేటి లెక్కలో సుమారు 3.75 మెగాబైట్లు. 128 కిలోబిట్ల ఎంపీత్రీగా కుదిస్తే నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ నిడివి గల పాట ఒక్కటి పడుతుంది. ఘంటసాల ఆలాపన కొంచెం దీర్ఘమైతే చివరి చరణం బయటే!

1980లో సీగేట్ వారి ఐదుంబావు అంగుళాల డిస్కు వచ్చింది. పెట్టె చిన్నదయింది కాని, అందులోనూ పట్టేది 5 మెగాబైట్లే.

నేడు మన ఇళ్ళలో పాటలకూ, పెళ్ళి వీడియోలకూ, స్కాను చేసిన పుస్తకాలకూ చోటు దొరుకుతున్నదంటే 1988ని తలచుకోవాలి. ఆ ఏడాది ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఒకే విషయాన్ని కనుగొన్నారు: అతి పలుచని లోహపు పొరల పేర్పులో స్వల్ప అయస్కాంత క్షేత్రానికే విద్యున్నిరోధం బాగా మారుతుంది. దానితో అతి సూక్ష్మమైన గుర్తులను సైతం చదవగల డిస్కులు 1997 నుండి విపణిలోకి వచ్చాయి. 2007లో హిటాచీ ఒక టెరాబైటు డిస్కును తెచ్చింది. పై లెక్కన 2,66,000 పాటలు! ఆ సంవత్సరమే ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

అదే 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ మరొక ప్రశ్న వేసుకున్నారు. ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చౌక డిస్కులు వంద కలిపి వాడితే? ఒక్కొక్కటి సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, వందలో ఏదో ఒకటి 300 గంటలకే, అనగా రెండు వారాలు తిరగకుండానే, చెడుతుంది. కనుక అదనపు డిస్కుల్లో సరిచూపు లెక్క దాచమన్నారు. ఒకదానిలో 7, మరొకదానిలో 5 ఉంటే మూడవదానిలో 12 ఉంచినట్లు. 5 పోయినా తీసివేతతో తిరిగి రాబట్టవచ్చు. ఇదే రెయిడ్.

నాలుగు డిస్కుల పెట్టె కొనితెచ్చి, ఇక దిగులు లేదనుకునేవారు ఈ పద్ధతికి లేని గుణాన్ని అంటగడుతున్నారని నా అభిప్రాయం. రెయిడ్ కాచేది డిస్కు చెడిపోవడాన్ని మాత్రమే. పొరపాటున చెరిపివేసిన ఫైలు అన్ని డిస్కుల్లోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. దొంగకూ, పిడుగుకూ నాలుగు డిస్కులూ ఒక్క పెట్టే. పైగా డిస్కుల పరిమాణం పెరిగినంతగా వేగం పెరగలేదు. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో తిరిగి నింపడానికి దాదాపు 28 గంటలు కావాలి. ఆ లోగా, ఒకే సరిచూపు డిస్కు ఉన్న అమరికలో రెండవది చెడితే అంతా పోయినట్లే.

సినిమా పాటలు మరొకరి వద్ద దొరుకుతాయి. క్యాసెట్టు నుండి ఎక్కించుకున్న నాయనమ్మ గొంతు ఎక్కడ దొరుకుతుంది? నాలుగో డిస్కుకు పెట్టే సొమ్ముతో బయటి డిస్కు ఒకటి కొని, అందులో ఆ గొంతును ఎక్కించి, మరో ఊళ్ళోని చుట్టాలింటి బీరువాలో ఉంచడం మేలు. ఏడాదికొకసారి పండగకు వెళ్ళినప్పుడు దానిని తీసి నడిపి చూడాలి.