మన కథకులు: చెప్పినదే చెప్పుట, క్రొత్తగా చెప్పుట

మన గొల్ల కులచరిత్రము శాసనములయందును తాళపత్రములయందును కొలదిగానే కలదు. తక్కినదంతయు కథకుల కంఠములయందు నిలిచినది. కాటమరాజు కథను పాడు కొమ్మువారును, తెలంగాణమున కొయ్యబొమ్మలను నిలిపి కథ చెప్పు మందహెచ్చులవారును, మల్లన్న బీరన్నల కథలను చెప్పు ఒగ్గువారును ఈ భాండారమునకు కాపరులు. వీరిని గూర్చి మనవారిలో రెండు ఆక్షేపణములు వినవచ్చుచుండును. ఏటేట చెప్పినదే చెప్పుచున్నారు, క్రొత్తదనమేమియు లేదని యువకులందురు. మా చిన్ననాట విన్న కథ ఇది కాదు, మార్చివైచినారని వృద్ధులందురు. ఒకే కథకునిపై ఈ రెండు నేరములును ఒక్కమాఱే మోపబడుట వింతగా తోచును. కావున రెంటిని విచారింతము.

మొదట మాఱనిదానిని చూతము. కొమురవెల్లి మల్లన్న సన్నిధిని సంక్రాంతి నాళ్లు మొదలుకొని ఉగాది వఱకు జాతర జరుగును. అచ్చట ఒగ్గువారు పసుపు, కుంకుమ మొదలగు పొడులతో పట్నము వేయుదురు. మహాశివరాత్రికి పెద్దపట్నము వేయుదురు. స్వామికి బలిజ మేడలమ్మయు, మన యింటి ఆడుబిడ్డయగు గొల్ల కేతమ్మయు దేవేరులు. ఈ కల్యాణకథ చెప్పునపుడు వరుస తప్పరాదు. మ్రొక్కు చెల్లించు గృహస్థుడు కేవలము వినోదము కోరి కథకుని పిలువలేదు. పెండ్లిపీటలపై కూర్చుండి, ఈమాఱు క్రొత్త మంత్రములు చదువుడని పురోహితుని అడుగువాడెవ్వడు? మందహెచ్చులవారి బొమ్మలును ఇట్టి కట్టుబాటునకే గుర్తులు. బొమ్మ యెదుట నిలిచినపుడు ఆ వీరుని కథ చెప్పక దాటిపోవుటకు వీలు లేదు.

ఇక మాఱుదానిని చూతము. ఒగ్గుకథయందు ప్రధానకథకుడొక మాట పలుకగా వంతవాడు దానినందుకొని మరల పలుకును, లేక ప్రశ్న వేయును. ఈ పునరుక్తి వలన ప్రయోజనములు మూడు. వెనుక కూర్చున్నవారికి మాట అందును. కథకునకు ఊపిరి తీసికొన వ్యవధి దొరకును. ఆ వ్యవధిలోనే తరువాతి మాటను అతడు కూర్చుకొనును. కావున చెప్పినదే చెప్పుట క్రొత్తగా చెప్పుటకు శత్రువు కాదు, ఆధారము. ఆ ఆధారముపై నిలిచి కథకుడు వర్ణనమును పెంచును, తగ్గించును. ఊరినిబట్టి హాస్యమును మార్చును. కథ చేయించిన యింటివారి పేర్లను చేర్చి దీవించును. మేత కఱవై కాటమరాజు ఆలమందలతో నెల్లూరి సీమకు తరలిన ఘట్టమును, వానలు లేని యేట, నిలిపి నిలిపి చెప్పినచో వినువారికది తమ కథయే యగును.

ఈ ధర్మము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. మిల్మన్ ప్యారీ, ఆల్బర్ట్ లార్డ్ అను అమెరికా పండితులు 1930వ దశకమున యుగోస్లావియా దేశమున వీరగాథాగాయకుల పాటలను యంత్రములపై ఎక్కించిరి. మాటకు మాట తప్పక పాడితిమని గాయకుడనును. యంత్రముపై వినిన మాటలు వేఱుగా నుండును. గాయకుడు అబద్ధమాడలేదనియు, వానికి కథయొక్క నిలుకడయే సత్యముగాని అక్షరముల నిలుకడ కాదనియు లార్డుగారు 1960లో ప్రకటించిన గ్రంథమున తేల్చిరి.

మన కాటమరాజు కథయందును ఇట్లే. తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఈ కథలను సేకరించి పరిష్కరింపగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1970వ దశకమున ప్రకటించిరి. ఈ కథాచక్రమునకు మూలమగు పోరు 13వ శతాబ్దికి చెందినది. పుల్లరిని గూర్చిన ఒడంబడిక, అది చెడుట, నల్లసిద్ధిరాజుతో వైరము, పాలేటి యొడ్డున యుద్ధము, అందు ఖడ్గతిక్కన మరణము — ఇవి కథకు వెన్నెముక. వెన్నెముక నిలిచినంతకాలము కథకుడు మాటలెన్ని మార్చినను చరిత్ర చెడదు. వెన్నెముక విఱిగినచో, మాటలెంత పాతవైనను ఫలము లేదు.

నేడు ఆ వెన్నెముకకే అపాయము వాటిల్లినది. రాత్రులకొలది సాగవలసిన కథను అరగంటలో ముగింపుమని వేదికలపై అడుగుచున్నాము. సినిమా వరుసలలో పాడుమని కోరుచున్నాము. వేఱొకచో ఒక రాత్రి పాడినదానిని సెల్‌ఫోనులో పట్టి, అదియే ప్రమాణమనుకొని, మఱునాడు వేఱుగా పాడిన కథకుని తప్పుపట్టుచున్నాము. మొదటిది క్రమమును చంపును. రెండవది స్వేచ్ఛను చంపును. మాణిక్యపురము నివాసియై, సంగీత నాటక అకాడమీ పురస్కారము పొంది, 2017లో గతించిన చుక్క సత్తయ్యగారు ఒగ్గుకథను నగరముల వేదికలకు కొనిపోయిరి. వేదికకు తగినట్లు కథను కుదించుట కళయే. కాని కుదించుటకు ముందు నిండుకథ వచ్చియుండవలెను. నిండుకథ వినువారు లేనిచో నేర్చువారును ఉండరు.

కావున మన మహాసభవారికిని వదాన్యులకును మేము చేయు విన్నపము మూడు మాటలు. ఏటికొక్కసారియైన ఒక కథను ఆద్యంతము చెప్పించుడు. కథకులకును వంతవారికిని తగిన సంభావన ముందుగా నిర్ణయింపుడు. ఒకే కథను ఒకే కథకుని నోట వేర్వేరు రాత్రులందు పట్టించి భద్రపఱచుడు. అప్పుడు నిలిచినదేదియో మాఱినదేదియో మన పిల్లలు తామే తెలిసికొందురు. మ్రొక్కు కథయందు క్రొత్తదనమును కోరకుడు, వేడుక కథయందు పాతదనమును నిర్బంధింపకుడు.

కొమ్మువారికిని, మందహెచ్చులవారికిని, ఒగ్గువారికిని మన పెద్దలు ధాన్యమును గొఱ్ఱెలను ఇచ్చి పోషించినది వారి పాటకు మాత్రమే కాదు. మన పేరు మనకు మరల మరల చెప్పుచుండుటకు. ఆ ఋణము తీర్చుకొను భారము నేటి మనపై కలదు.