మాకింకా మైనారిటీ తీరలేదా?

పిల్లవాడి స్కాలర్‌షిప్పు కోసం దరఖాస్తు ఫారం ఇంటికి తెచ్చాం. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆదాయం నింపుకుంటూ పోతే ఒకచోట ‘మైనారిటీ’ అని ఒక గడి వచ్చింది. పైకి చదివాం. మంచం మీద తస్బీ తిప్పుకుంటున్న నానీమా ఆగి అడిగింది: “ఆ మాటేంది బేటా?” మనమే నానీమా అన్నాం. “మనం తురకలం గదా, అదెప్పుడైనం?”

చదువుకున్నవాళ్లం. ఆమె ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కోవడానికే ఈ వ్యాసం.

ఊరు మమ్మల్ని చాలా పేర్లతో పిలిచింది. సాయిబు అంది, తురకోడంది. దూది ఏకినవాణ్ణి దూదేకులోడంది. గాజుల మలారం మోసినవాణ్ణి గాజుల సాయిబంది. ఆ పేర్లలో ప్రేమా ఉంది, ఎగతాళీ ఉంది, అంటరానితనపు వాసనా ఉంది. కానీ ప్రతి పేరు వెనకా ఒక మొహం ఉంది, చేతిలో ఒక పని ఉంది. మైనారిటీ అన్న మాట వెనక మొహం లేదు, పని లేదు. ఒక అంకె ఉంది. ఉర్దూలో మేం చెప్పుకునే ‘అఖల్లియత్’, తెలుగు పత్రికలు రాసే ‘అల్పసంఖ్యాకులు’ కూడా ఆ అంకెకు అనువాదాలే.

లాటిన్‌లో ‘మైనర్’ అంటే మరొకదానికంటే చిన్నది, మరొకడికంటే చిన్నవాడు. ఆ వంశంలో చాలామంది మనకు తెలిసినవాళ్లే. లెక్కల్లో మైనస్, గడియారంలో మినిట్, హోటల్లో మెనూ. మినిస్టరు కూడా ఆ ఇంటివాడే. పాత అర్థంలో అతడు సేవకుడు. దీనికి ఎదురిల్లు ‘మేజర్’. మెజారిటీ, మేయరు ఆ ఇంట్లో పుట్టారు. పోర్చుగీసు వాళ్ల నోట మన దాకా వచ్చిన మేస్త్రీ కూడా మూలంలో ‘ఎక్కువ’ అనే అర్థానికి చుట్టమే. మాటల లెక్క ప్రకారం మేస్త్రీ పెద్దవాడు, మినిస్టరు పనివాడు. లోకంలో ఎవరు ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడతారో చెప్పనక్కర్లేదు. పుట్టుకతో చిన్నదైన మాట అధికారం దొరికితే పెద్దదైపోతుంది. మైనారిటీకి ఆ అదృష్టం పట్టలేదు. పైగా అది ఒక బరువు మీద ఇంకో బరువు మోస్తూ వచ్చింది.

మొదటి బరువు వయసు. ఇంగ్లీషులో మైనారిటీకి తొలి అర్థం ఈడు రాకపోవడం. రాజు పసివాడైతే అతడు పెద్దయ్యేదాకా ఆ కాలమంతా మైనారిటీ, పెత్తనం ఇంకొకడిది. తెల్లవాళ్లు ఈ పద్ధతిని మన జమీందారీలకూ తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1804లో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ రెగ్యులేషన్ చేశారు. వారసుడు చిన్నవాడైతే ఎస్టేటును సర్కారే చూసుకుంటుంది. ‘మైనారిటీ తీరడం’ అన్న పలుకుబడి తెలుగులో ఇలా కోర్టు కాగితాల మీదుగా స్థిరపడింది. ఊళ్లలో ఆ మాట ఇంకో వేషమూ కట్టింది. మెడలో మైనరు గొలుసు వేసుకుని, తాతల ఆస్తి తగలేస్తూ తిరిగే షోకిలారాయుడు మైనరు బాబయ్యాడు. వాడిదీ ఒక మైనరుతనం, మాదీ ఒక మైనరుతనం!

ఆ చట్టంలో ఒక సంగతి మమ్మల్ని చాలాసేపు ఆపింది. 1875 నాటి ఇండియన్ మెజారిటీ యాక్టు ప్రకారం మామూలు మనిషికి పద్దెనిమిదేళ్లకు మైనారిటీ తీరుతుంది. కోర్టు గార్డియన్‌ను పెట్టినా, ఆస్తి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలో ఉన్నా ఇరవై ఒకటి నిండాలి. అంటే సంరక్షకుడున్నవాడు మూడేళ్లు ఎక్కువ కాలం పసివాడిగా ఉండాలి! ఈ తేడాను 1999లోగానీ తీసెయ్యలేదు. చట్టం తీసేసిన ఆ తేడా రాజకీయంలో ఇంకా నడుస్తూనే ఉంది. ఆ మాట తర్వాత చెప్పుకుందాం.

రెండో బరువు ఓటు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు రాజకీయాల్లో ఈ మాటకు కొత్త అర్థం వచ్చింది. సభలో ఒక ప్రశ్న మీద ఓట్లు తీస్తే తక్కువ పడ్డ పక్షం మైనారిటీ. ఇందులో పుట్టుక లేదు, మతం లేదు, అవమానమూ లేదు. ఇవాళ ఓడినవాడు రేపు నలుగురిని ఒప్పించి గెలవొచ్చు. 1991లో మన తెలుగువాడు పి.వి. నరసింహారావు నడిపింది మైనారిటీ ప్రభుత్వమే. ఆ ప్రభుత్వం ఉండగానే 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. మైనారిటీ ప్రభుత్వం, మైనారిటీల అభద్రత. రెండు చోట్లా అదే మాట. బలపరీక్షలో నిలిచి ఢిల్లీలో రాజ్యమేలింది ఒక మైనారిటీ, తలుపులు బిగించుకుని తెల్లవార్లూ కూచున్నది ఇంకో మైనారిటీ.

కోర్టుల్లోనూ మైనారిటీ తీర్పులుంటాయి. ఎమర్జెన్సీలో నిర్బంధంలో ఉన్న మనిషి తన స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టొచ్చా అంటే, 1976లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు కూడదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే తట్టొచ్చన్నారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల బెంచి నాటి మెజారిటీ తీర్పును కొట్టేసింది. ఒంటరి మైనారిటీ నలభై ఏళ్లకు గెలిచింది. అయోధ్యలో స్థలాన్ని కేంద్రం తీసుకున్న చట్టం మీద 1994లో ముగ్గురు ఒక పక్కా ఇద్దరు ఒక పక్కా అయ్యారు. ఆ చట్టం మొత్తంగా చెల్లదన్న ఇద్దరు, భరూచా, అహ్మదీ. ఒకరు పార్సీ, ఒకరు ముస్లిం. జనాభా లెక్కలో మైనారిటీ, బెంచి లెక్కలోనూ మైనారిటీ. కానీ బెంచి మీద వాళ్లు మైనారిటీ అయింది పుట్టుక వల్ల కాదు, సెక్యులరిజానికి వాళ్లు చెప్పుకున్న అర్థం వల్ల. ఈ రెంటికీ తేడా మరిచిపోయిన రోజున ప్రజాస్వామ్యంలో మిగిలేది తలల లెక్కే.

మూడో బరువు అన్నింటికంటే చిన్న వయసుది, అన్నింటికంటే బరువైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పాత సామ్రాజ్యాలు కూలి జాతి పేరు మీద కొత్త దేశాలు లేచాయి. ప్రతి సరిహద్దులోనూ ఆ జాతి కానివాళ్లు మిగిలిపోయారు. 1919లో పోలండుతో చేసుకున్న ఒప్పందం జాతి, మత, భాషా మైనారిటీల రక్షణ గురించి రాసుకుంది. నిన్నటిదాకా చక్రవర్తికి అందరూ రైతులే, అందరూ ప్రజలే. ఇప్పుడు కొందరు ఇంటివాళ్లు, కొందరు ఇంట్లో ఉండనివ్వబడ్డవాళ్లు. 1923లో గ్రీసు, టర్కీ మతాన్నే కొలబద్దగా పెట్టి జనాన్ని మార్చుకున్నాయి. క్రీటు ద్వీపపు ముస్లింలలో చాలామంది గ్రీకు తప్ప వేరే భాష ఎరగనివాళ్లు. అయినా వాళ్లను టర్కీకి ఓడలెక్కించారు. తెలుగులో ఏడ్చి, తెలుగులో నవ్వి, తెలుగులో తిట్టుకునే మమ్మల్ని “మీ దేశం పొండి” అన్నప్పుడల్లా ఆ ఓడలు మా కళ్లముందు కదులుతాయి.

మన దేశంలోకి ఈ మూడో అర్థం జనాభా లెక్కల చేయి పట్టుకుని వచ్చింది. 1872 నుంచి సర్కారు తలలు లెక్కపెట్టి మతాలవారీగా పట్టికలు వేసింది. పీర్లను ఎత్తుకున్న హిందువునూ, కొత్త పంటను గ్రామదేవతకు చూపించి ఇంటికి తెచ్చుకున్న సాయిబునూ ఆ పట్టిక చెరో గడిలో కూచోబెట్టింది. 1906 అక్టోబరు 1న ఆగాఖాన్ ముందు నడవగా ఒక బృందం సిమ్లాలో వైస్రాయి మింటోను కలిసింది. అంకె ఒక్కటే చూడొద్దు, మా రాజకీయ ప్రాముఖ్యం కూడా చూడమంది. 1909లో ప్రత్యేక నియోజకవర్గాలొచ్చాయి. సిమ్లా వెళ్లినవాళ్లు నవాబులు, జమీందార్లు, వకీళ్లు. వచ్చిన ఓటు ఆస్తి ఉన్నవాడికీ, చదువున్నవాడికీ. దూదేకులవాడి వింటితాడు చప్పుడు సిమ్లా దాకా వినపడలేదు.

మా హైదరాబాదు సంస్థానం ఇంకో పాఠం. ఇక్కడ ముస్లింలు అంకెలో కొద్దిమందే, గద్దె మీద నిజాం. అంకె వేరు, అధికారం వేరు. ఆ అధికారమైనా ఎవరిది? జాగీర్దారుది, దేశ్‌ముఖుది. మసీదు పక్క గుడిసెలో బతికిన రిక్షా సాయిబుది కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక రజాకార్ల పాపానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆ గుడిసెలే. సుందర్‌లాల్ బృందం తక్కువలో తక్కువ అంచనాగా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని రాసింది. గద్దె దిగిన రాజు రాజప్రముఖుడయ్యాడు. గద్దె ఎక్కని పేద మైనారిటీ అయ్యాడు. నానీమా, నువ్వడిగిన ‘ఎప్పుడు’కు ఒక జవాబు ఇదేనేమో.

రాజ్యాంగం రాసినవాళ్లు ఈ మాటతో చాలా తంటాలు పడ్డారు. ముసాయిదాలో ‘మైనారిటీ’ అని ఉన్న ఒకచోట ‘పౌరులలో ఏ వర్గమైనా’ అని మార్చారు. 1948 డిసెంబరు 8న అంబేద్కర్ ఎందుకో వివరించారు. మద్రాసు వాళ్లు బొంబాయిలో స్థిరపడితే, వాళ్లు సాంకేతికార్థంలో మైనారిటీ కాకపోయినా సాంస్కృతికంగా మైనారిటీయే అన్నారు. ఆనాటి మద్రాసులో మన కోస్తా, రాయలసీమ వాళ్లూ ఉన్నారు. అంటే ఈ కుర్చీ ఒక్క మాకోసమే వేసింది కాదు. 1949 మేలో మతాల పేర శాసనసభ సీట్లు కేటాయించే ఆలోచన వదిలేశారు. 30వ అధికరణంలో మైనారిటీ మాట నిలిచింది, దానికి నిర్వచనం మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

నిర్వచనం లేని చోట గెజిటు మాట్లాడింది. 1993 అక్టోబరులో కేంద్రం ఐదు మతాలవాళ్లను మైనారిటీలుగా ప్రకటించింది. జైనులు 2014లో చేరారు. అంతకు ముందు రోజు వాళ్లేమీ ఎక్కువమంది కారు. 2002లో సుప్రీంకోర్టు మత, భాషా మైనారిటీలను రాష్ట్రాన్ని యూనిట్‌గా తీసుకుని తేల్చాలంది. హైదరాబాదులో మెజారిటీ అయిన తెలుగు హిందువు రైలెక్కి చెన్నైలో దిగితే భాషా మైనారిటీ. ఇది ఒంటికి పుట్టుమచ్చ కాదు. నిలబడ్డ చోటును బట్టి పడే నీడ.

అయితే ఈ నీడ మా మీదనే ఇంత చిక్కగా ఎందుకు పడుతుంది? మూడు అర్థాలూ మా దగ్గరకొచ్చేసరికి కలిసిపోతాయి కాబట్టి. పుట్టుకతో తక్కువమందిమి, అది మూడో అర్థం. అందుకని ప్రతి ఓటులోనూ ఓడినట్టే లెక్క. రెండో అర్థంలో ఉన్న ‘రేపు’ మాకు లేదు. ఓడినవాళ్లం కనక మాకో గార్డియన్ కావాలి. అదిగో మొదటి అర్థం! ఒక పార్టీ రంజాన్‌లో టోపీ పెట్టుకుని మా తల నిమురుతుంది. ఇంకో పార్టీ ‘బుజ్జగింపు’ అని పళ్లు నూరుతుంది. బుజ్జగించేది ఎవరినండీ, చంటిపిల్లల్ని కాదూ? తల నిమిరేవాడూ పళ్లు నూరేవాడూ ఇద్దరూ మమ్మల్ని పసివాళ్లుగానే చూస్తున్నారు. సంరక్షకులున్నంత కాలం మైనారిటీ సాగుతుందని 1875 చట్టం ఊరికే చెప్పలేదు.

మా తప్పూ ఒప్పుకుంటాం. గార్డియన్లు మా లోపలా ఉన్నారు. అష్రాఫులమని చెప్పుకునే నాలుగు ఖాందాన్లు మా అందరి తరఫునా మాట్లాడాయి. ఉర్దూ రాని దూదేకులను “మీరేం ముసల్మాన్లు” అన్నాయి. షాబానో 1985లో సుప్రీంకోర్టులో గెలిచిన భరణాన్ని 1986 చట్టం నీరుగారుస్తుంటే అది ఖౌమ్ గౌరవం అన్నాయి. ఆ ముసలితల్లి మైనారిటీలో మైనారిటీ. 2006లో సచార్ కమిటీ మాలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే మెట్లున్నాయని దేశానికి చెప్పింది. 2007లో ఆంధ్రప్రదేశ్ పధ్నాలుగు ముస్లిం సమూహాలను బీసీ-ఇలో చేర్చి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అంకెగా కనపడ్డ జనం అప్పుడు మళ్లీ పనులుగా, వృత్తులుగా, మొహాలుగా కనపడటం మొదలైంది.

2011 లెక్కల్లో ఈ దేశంలో ముస్లింలు 17 కోట్ల 22 లక్షలు. ఇంతమందిని ‘అల్పం’ అనాలంటే నోరు రావాలి. నూటికి పద్నాలుగు మందిమి నిజమే. కానీ మేం నిరుద్యోగులలో ఉన్నాం, అప్పులపాలైన రైతులలో ఉన్నాం, చేనేతలో ఉన్నాం, బీడీలు చుట్టే ఆడవాళ్లలో ఉన్నాం. అక్కడ మేం మెజారిటీతోనే ఉన్నాం.

ఫారంలో గడి నింపాం నానీమా. ‘అవును’ అని రాశాం. ఆ స్కాలర్‌షిప్పు ఎవడి దయా కాదు, వెనక పెట్టినందుకు రావాల్సిన బాకీ. బాకీ వసూలుకు వాళ్లు రాసిన పేరుతోనే సంతకం పెట్టక తప్పదు. కానీ సంతకం పెట్టింది ఈడొచ్చినవాళ్లం. ఇక మా ఆస్తి, మా మాట, మా ఓటు మేమే చూసుకుంటాం. ఓడితే ఓడతాం, రేపు మళ్లీ నలుగురిని ఒప్పించడానికి బయల్దేరతాం. ఆ అర్థంలో అయితే మైనారిటీ కావడానికి మాకు సిగ్గు లేదు.