ఇంట్లో గాలి మంచిదేనా? ఎలా కొలవాలి, ఏం చేయాలి?

బయట ఏక్యూఐ ఎంతుందో ఫోన్‌లో చూస్తాం. ఎక్కువగా ఉంటే తలుపులు మూసేస్తాం. కానీ రోజులో ఎక్కువ సమయం గడిపేది ఇల్లు, ఆఫీసు, తరగతి గదుల్లోనే. ప్రభుత్వ కేంద్రాలు కొలిచేది బయటి గాలిని మాత్రమే. లోపలి సంగతి మనమే చూసుకోవాలి.

ఏమేం కొలవాలి?

పీఎం 2.5: వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు ఉండే సూక్ష్మ కణాలివి. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశంలో బయటి గాలికి ఉన్న పరిమితి 60.

కార్బన్ డయాక్సైడ్: బయట సుమారు 420 పీపీఎం ఉంటుంది. గదిలో 1,000 దాటితే అక్కడున్న జనానికి తగినంత తాజా గాలి అందడం లేదని అర్థం. ఆ స్థాయిలో అది విషం కాదు. కానీ ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తున్నారని చెబుతుంది. జలుబు, ఫ్లూ లాంటివి సోకేందుకు ఇదే అనువు.

కార్బన్ మోనాక్సైడ్: దీనికి రంగు, వాసన ఉండవు. ప్రాణం తీస్తుంది. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్, మూసిన గదిలో బొగ్గుల కుంపటి, ఇంటి లోపల జనరేటర్ ప్రమాదకరం. మామూలు ఎయిర్ మానిటర్లలో చాలావాటికి ఈ సెన్సర్ ఉండదు. విడిగా అలారం పెట్టుకోవాలి.

మానిటర్ కొనేముందు

• కార్బన్ డయాక్సైడ్‌కు ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉందో లేదో చూడండి. ‘ఈసీఓ2’ అని రాసి ఉంటే అది కొలత కాదు, అంచనా.
• తేమ ఎక్కువుంటే పీఎం అంకె పెరిగి కనిపించొచ్చు. ఒక్క అంకెను కాకుండా రోజంతా వచ్చే మార్పును గమనించండి.
• కూర్చున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తులో, కిటికీకీ పొయ్యికీ దూరంగా ఉంచండి.

ఏసీ వేస్తే గాలి శుభ్రమవుతుందా?

కాదు. సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు. గదిలో ఉన్నదాన్నే తిప్పి చల్లబరుస్తుంది. దాని జాలీ పెద్ద దుమ్మును ఆపుతుంది కానీ పీఎం 2.5ను ఆపలేదు. అన్నీ మూసి ఇద్దరు ముగ్గురు పడుకుంటే తెల్లారేసరికి 1,000 పీపీఎం దాటడం మామూలే. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచినా తేడా కనిపిస్తుంది.

కిటికీ ఎప్పుడు తెరవాలి?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో దగ్గరి కేంద్రం ఏక్యూఐ చూడండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్ వంటి చోట్ల ఇవి ఉన్నాయి. చలికాలంలో రాత్రి, తెల్లవారుజామున కాలుష్యం నేలకు దగ్గరగా పేరుకుంటుంది. మధ్యాహ్నం తెరవడం మేలు.

ముందుగా చేయాల్సినవి

పొగ పుట్టకుండా చూడటమే అన్నిటికంటే చవకైన మార్గం. ఒక దోమల కాయిల్ నుంచి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన పీఎం 2.5 వస్తుందని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. కాయిల్ బదులు దోమతెర వాడండి. పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటయ్యాక కూడా కాసేపు ఉంచండి. అగరుబత్తి వెలిగిస్తే కిటికీ తెరవండి.

ప్యూరిఫయర్ అవసరమా?

కిటికీ తెరవలేని చోట పనికొస్తుంది. హెపా ఫిల్టర్ ఉన్నదే తీసుకోండి. 12×10 అడుగుల గది, ఎత్తు 10 అడుగులైతే అందులో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 5 సార్లు శుభ్రం కావాలంటే సీఏడీఆర్ కనీసం 170 ఉండాలి. ఓజోన్ వదిలే యంత్రాలు వద్దు. ప్యూరిఫయర్ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. దానికి తాజా గాలే మార్గం.

మరి మొక్కలు?

అందానికి పెంచుకోవచ్చు. గాలిలోని రసాయనాలను తగ్గించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన పరిశోధన లెక్కకట్టింది.