ఒడ్డు దాకా అభయం

మా రాజంపేటకి సముద్రం లేదు. ఉన్నది చెయ్యేరు, అదీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. అయినా మా ఊరికీ నౌకాదళానికీ సంబంధం ఉందంటాను. నవ్వకండి.

రాజంపేట నుంచి కోడూరు వైపు వెళ్తే మంగంపేట వస్తుంది. ప్రపంచంలోని అతి పెద్ద ముగ్గురాయి (అదే బెరైటీస్) గనుల్లో ఒకటి అక్కడుంది. చమురు బావి తవ్వేటప్పుడు కింద నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అణచడానికి డ్రిల్లింగ్ బురదలో కలిపే బరువైన పొడి ఈ రాతిదే. కాబట్టి కొనేవాళ్ళు ఎక్కువగా సముద్రాల అవతలే. 2019లో ఓబులవారిపల్లె నుంచి వెలికొండల్ని తొలిచి కృష్ణపట్నం వైపు రైలు మార్గం కూడా వేశారు. సరే, రేవు దాకా రైలు. ఆ తర్వాత సరుకుకి కాపలా ఎవరు?

ఈ ప్రశ్న మనకి కొత్తేం కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టిందే, కానీ అందులో ఏముందో మాకెవరూ చెప్పలేదు. అంతకుముందు రాజులు గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ లాగేసుకునేవాళ్ళట. ఇకపై సుంకం తప్ప ఏమీ తీసుకోం అని ఈయన మాటిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్ఫయ్యో వంతు. చందనం, చైనా కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు... పెద్ద జాబితానే ఉంది. మన భాషలో చెప్పాలంటే చక్కటి సర్వీస్ అగ్రిమెంట్.

కానీ ఆ హామీ ఒడ్డుకి చేరిన ఓడకే. నడిసముద్రంలో దోచుకునేవాళ్ళ మాట అందులో లేదు. (దివిసీమ గెలిచిన రాజు, చేతకాక కాదేమో, అవసరం రాలేదేమో.)

ఆ ఖాళీలోకే పోర్చుగీసువాళ్ళు దూరారు. 1500ల మొదట్నుంచీ కార్తాజ్ అనే పాసు అమ్మేవాళ్ళు. పాసు లేని ఓడ దొరికితే సరుకు వాళ్ళదే. అంటే అసలు భయం వాళ్ళదే, అభయం అమ్మేదీ వాళ్ళే! పాసున్నా గ్యారంటీ లేదు: 1613లో జహంగీర్ తల్లి ఓడ రహీమీని, పాసుండగానే, సూరత్ దగ్గర పట్టుకుని గోవాకి తీసుకుపోయారు. అంతటి చక్రవర్తీ కోపం నేల మీదే చూపించగలిగాడు, డామన్ మీదికి సైన్యాన్ని పంపి.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో హౌతీల దాడులు మొదలయ్యాక బోలెడన్ని ఓడలు సూయెజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది రోజులు, రెండు వారాలు ఆలస్యం, ఆ ఖర్చంతా సరుకు మీదే. 2024 జనవరిలో ఏడెన్ గల్ఫ్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ క్షిపణి తగిలి తగలబడుతుంటే మంటలార్పడానికి వెళ్ళినవాటిలో మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం ఉంది. ఓడ మనది కాదు, సిబ్బందిలో 22 మంది మనవాళ్ళు.

మీరెప్పుడైనా చీరాల వైపు వెళ్తే మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర కాసేపు ఆగండి. గణపతిదేవుడి శాసనం అక్కడిదే.