అయస్కాంతానికి అంటని రక్తం

ఎనిమిదో తరగతిలో సైన్సు సారు లాడం అయస్కాంతం తెచ్చి, గుండుసూదులు అంటించి చూపించిన రోజు మా బెంచీవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రక్తంలో ఇనుము ఉంటుందని అప్పటికే చదువుకున్నాం. నేను కంపాసు ముల్లుతో వేలు గుచ్చుకుని, ఆ చుక్కను అయస్కాంతం దగ్గర పెట్టాను. ఏమీ కాలేదు. సారు కొట్టలేదు. "ఎందుకో నాకూ తెల్వదురా. తెలిస్తే వచ్చి చెప్పు" అన్నారు.

అదే అనుమానం మైకేల్ ఫారడేకూ వచ్చిందని చాలా ఏళ్లకు చదివాను. 1845 నవంబరు 8న ఆయన ఎండిన రక్తాన్ని పరీక్షించి, తాజా రక్తంతోనూ చూడాలని నోటుబుక్కులో రాసుకున్నాడు. అసలు సంగతి 1936లో తేలింది. అమెరికాలో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ కలిసి తేల్చారు. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌లో ఒంటరి ఎలక్ట్రాన్లు మిగలవు, అందుకే అయస్కాంతం దాన్ని లాగదు. ఆక్సిజన్ వదిలేశాక ఒక్కో ఇనుప పరమాణువు దగ్గర నాలుగు ఒంటరిగా మిగులుతాయి. అప్పుడు కాస్త లాగుతుంది, కానీ అది మన బడి అయస్కాంతానికి అందేంత కాదు.

దీన్ని మెదడు బొమ్మలో పట్టినవాడు సేజి ఒగావా. ఆయన పనిచేసింది ఆసుపత్రిలో కాదు, టెలిఫోన్ కంపెనీవారి బెల్ ల్యాబ్స్‌లో! ఎలుకలు మామూలు గాలి పీల్చినప్పుడు ఎమ్మారై బొమ్మలో రక్తనాళాలు నల్లగీతల్లా కనిపించాయి. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఆ గీతలు మాయమయ్యాయి. ఇది 1990 మాట.

ఎమ్మారై యంత్రం వినేది ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాల సిగ్నల్‌ను. ఆగస్టు 15 పరేడ్‌లో అడుగులు కలిసినట్టు అవి కలిసి తిరిగినంతసేపే సిగ్నల్ గట్టిగా ఉంటుంది. ఆక్సిజన్ వదిలిన రక్తం పక్కనుంటే అయస్కాంత క్షేత్రం చెదిరి, అడుగులు త్వరగా తప్పుతాయి. ఆ చోటు నల్లబడుతుంది.

1992లో మనుషుల మీద చూసినప్పుడు మాత్రం పనిచేస్తున్న మెదడు భాగంలో సిగ్నల్ పెరిగింది. ఆక్సిజన్ ఖర్చయితే తగ్గాలి కదా? జూరాల కాలువ కింద మడికి కావలసినదానికంటే ఎక్కువ నీళ్లు వదిలినట్టు, మెదడు పనిచేసే చోటుకు వాడేదానికంటే ఎక్కువ తాజా రక్తం వస్తుంది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ వంతు తగ్గి, బొమ్మ వెలుగుతుంది.

ఇదంతా నేను చదవడానికి కారణం అమ్మ. నాలుగేళ్ల కింద ఆమెకు మాట తడబడితే గద్వాల నుంచి హైదరాబాద్ తీసుకుపోయాం. స్కాన్‌లో చిన్న నల్లచుక్క కనిపించింది. పాత రక్తస్రావం మచ్చ అన్నారు డాక్టరమ్మ. కారిన రక్తం పోయినా ఇనుము అక్కడే ఉండిపోయి, చుట్టూ సిగ్నల్‌ను చెరిపేస్తుందట. అంతకు ముందు ఎండాకాలం అమ్మ కళ్లు తిరిగి పడితే ఎండదెబ్బ అనుకుని, మజ్జిగ తాగించి పడుకోబెట్టింది నేనే. ఆ చుక్క చూశాకే రక్తం పలచబడే మందు విషయంలో ఆమె ఆచితూచి నడిచారు.

ఒకప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంతా ఒకే పాలమూరు జిల్లా. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మన బడి పిల్లలు ఇక ఈ పాఠం ఇంటి దగ్గరే వినొచ్చు.

బాకీ తీరుద్దామని మొన్న సారుకు ఫోన్ చేశాను. ఫారడే దగ్గర మొదలుపెట్టి నల్లచుక్క దాకా చెప్పాను. అంతా విని, "అది సరే, అమ్మ ఎట్లుంది ఇప్పుడు?" అన్నారు.